చింతతోపు కింద నూట పన్నెండు ఇళ్లు

నేను ట్రేసరుగా చేరిన రోజున నా చేతికి నల్ల ఇంకు పెన్ను, ట్రేసింగు గుడ్డ, తప్పు గీత గీకడానికి సగం విరిచిన బ్లేడు ఇచ్చారు. పాత మ్యాపు మీద గుడ్డ పరిచి గీత మీద గీత గీయడమే పట్టణ ప్రణాళిక కార్యాలయంలో నా పని. పాతికేళ్లు అదే చేశాను. రిటైరయ్యేనాటికి అదే కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, ఉపగ్రహం తీసిన చిత్రాల్లో ఏ పొలం ఇళ్లయిందో, ఏ బీడు గయాళు ప్లాట్లయిందో గుర్తించి రంగులు వేసేదాన్ని. ఈ మధ్య ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చి, మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడమ్ అన్నారు. పదిమందికి చెప్పదగ్గది నా దగ్గర ఒకటే ఉంది. అది గెలుపు కథే గానీ నా తప్పుతో మొదలవుతుంది. కాబట్టి నన్ను గొప్పదాన్ని అనుకోకుండా చదవండి.

ఊరు విజయనగరం జిల్లాలోది. పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. అక్కడివాళ్లు చదివితే రెండో పేరాకే పోల్చుకుంటారు, మిగతావాళ్లకి పేరుతో పనిలేదు.

రెండు వేల పది దాటిన ఆ రోజుల్లో మా ఊరికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారుచేయమని ఉత్తర్వులు వచ్చాయి. ఊరు రాబోయే ఇరవయ్యేళ్లలో ఎటు పెరగాలో, రోడ్డు ఎటు పోవాలో, చెత్త ఎక్కడ పడాలో తేల్చే పటం అది. దానికి ముందు, ఇప్పుడు నేల మీద ఏముందో చూపించే పటం ఒకటి కావాలి. అది నాకు అప్పగించారు. పదేళ్ల కిందటి ఉపగ్రహ చిత్రం ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన పెట్టుకుని తేడా పట్టుకోవడం. ఇళ్లకి పసుపు, పొలానికి లేత ఆకుపచ్చ, తోటకి ముదురు ఆకుపచ్చ.

అయితే అసలు చిత్రంలో చెట్లు ఆకుపచ్చగా ఉండవు. మన కంటికి అందని వెలుగును కూడా ఆ కెమెరా పడుతుంది కాబట్టి ఆకు ఉన్నదంతా ఎర్రగా కనిపిస్తుంది. ఇళ్లు బూడిదరంగులో ఉంటాయి. యాభయ్యేళ్ల వయసులో ఇది నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలల్లో వంటింట్లో కొత్తిమీర కట్ట చూసినా ముందు ఎరుపే గుర్తొచ్చేది. నేర్చుకున్నాక మాత్రం నాకు గర్వం వచ్చింది. ఆఫీసులో ఆ చిత్రం చదవగలిగేది నేనొక్కదాన్నే. మా ఆఫీసరు కూడా నా కుర్చీ వెనక నిలబడి, ఇదేమిటండీ, అదేమిటండీ అని అడిగి తెలుసుకునేవారు.

అది పడనిది ఒక్కరికే, మా సర్వేయరు గారికి. ఆయనది శ్రీకూర్మం దగ్గర పల్లె. ముప్ఫై ఏళ్లు గొలుసు లాగి కొలిచిన మనిషి. నా తెర వైపు ఓరగా చూసి, "మీ శాటిలైటుకి కాళ్లు నేవు మేడమ్. కాళ్లు నేనిది భూమినేటి కొలుస్తాది" అనేవారు. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ నవ్వులో కొంచెం పొగరుండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఊరికి ఉత్తరాన, సాగునీటి కాలవ అవతల, ఒక ప్రభుత్వ చింతతోపు ఉంది. రెవిన్యూ పుస్తకాల్లో తోపు పోరంబోకు అని రాసి ఉంటుంది. అంటే చెట్లున్న ప్రభుత్వ భూమి. నా తెర మీద అది నిండు ఎరుపు మచ్చ. ఎక్కడా సందు లేదు, బూడిదరంగు చుక్క లేదు. దాని చుట్టూ గీత గీసి 'తోట' అని రాశాను. పాత చిత్రంలోనూ అంతే. మార్పు లేదు అని రాశాను.

చిత్రంలో చదివినదాన్ని నేల మీదికి వెళ్లి సరిచూడాలని నియమం. కొన్ని చోట్లు ఎంచుకుని, వెళ్లి, చూసి, కాగితం మీద సంతకం పెట్టాలి. ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం నేనూ సర్వేయరు గారూ జీపులో బయల్దేరాం. ఆ రోజు పదకొండు చోట్లు చూడాలి. తోపు పదోది. కాలవ మీద కల్వర్టు కుంగి నీళ్లలోకి దిగిపోయింది, జీపు అవతలికి పోదు. గట్టు మీద ఆగి చూశాం. ఎదురుగా చింతచెట్లు, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు, లోపల చీకటి.

సర్వేయరు గారు చెప్పులు విడిచి కాలవలో దిగబోయారు. నేనే ఆపాను.

"చెట్లే కదండీ. ఇక్కణ్నుంచే కనిపిస్తున్నాయి."

"లోపల్నుంచి పొగొస్తన్నాది మేడమ్."

"ఎవరో ఆకులు తగలబెడుతుంటారు. ఇంకో చోటు మిగిలుంది, పదండి."

ఆయన చెప్పులు తొడుక్కుని జీపెక్కారు. నేను మోకాలి మీద కాగితం పెట్టుకుని 'వెళ్లి చూడడమైనది, చెట్లు తప్ప ఏమీ లేవు' అని రాసి సంతకం పెట్టాను.

ఆ తర్వాత పని చకచకా సాగింది. ఊరి చెత్తకి చోటు కావలసి వచ్చింది. ఊరికి దక్షిణాన పని ఆగిపోయిన రాతి క్వారీ గొయ్యి ఒకటి ఉంది గానీ, దానికి ఇవతల వర్తకుల గోదాములున్నాయి. బియ్యం, బెల్లం, జీడిపప్పు నిల్వచేసే చోట చెత్త పోస్తే ఎలా అని వర్తకులు ముందే మొత్తుకున్నారు. మా ఆఫీసరు నా పటం ముందేసుకుని చూస్తే, ఇళ్లు లేని ప్రభుత్వ భూమి ఒకటే కనిపించింది. చింతతోపు. అక్కడ చెత్త యార్డు అని ముసాయిదాలో పెట్టారు. ముసాయిదా పటాన్ని ఆఫీసు వరండా గోడకి అంటించి, అభ్యంతరాలుంటే నెల లోపల చెప్పుకోమని నోటీసు పెట్టారు.

మూడో వారంలో ఒక ఉదయం వరండాలో గోల వినిపించి బయటికి వచ్చాను. ఇరవై మంది దాకా ఆడవాళ్లు పటం ముందు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందున్నావిడకి నా వయసే ఉంటుంది. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉంది. వేళ్ల చివర్లు గట్టిపడి కాయలు కాచి ఉన్నాయి. ఆవిడ నన్ను చూసి, "మీరేనా అమ్మా ఈ బొమ్మ గీసినోరు?" అని అడిగింది.

అవునన్నాను.

"ఇందులో మా ఇల్లెక్కడున్నాదో సూపించండి. మాది కాలవవతల సింతతోపు."

తోపులో ఇళ్లు లేవమ్మా అన్నాను.

"నేవేటి? నూటపన్నెండిళ్లున్నాయి. నానిప్పుడు ఇంట్లో సోడి అంబలి తాగి వొచ్చినాను."

అప్పుడు నేను అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "ఇది ఉపగ్రహం తీసిన ఫొటో చూసి గీసింది. ఫొటో అబద్ధం చెప్పదు కదా" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. పటంలో నేను ముదురు ఆకుపచ్చ వేసిన చోట అరచెయ్యి ఆనించి, "మరైతే అబద్ధం మేమేనా అమ్మా?" అంది.

వెనక నుంచి ఎవరో దగ్గారు. చూస్తే సర్వేయరు గారు. పొగ సంగతి ఆయన ఎత్తిపొడిచి ఉంటే బావుండేది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. ఈసారి జీపు గట్టు మీదే వదిలి, చెప్పులు చేత్తో పట్టుకుని కాలవ దాటాం. తోపులో అడుగుపెట్టి పది బారలు నడిచేసరికి మొదటి ఇల్లు. మట్టిగోడ, పెంకు. దాని పక్కన రేకుల ఇల్లు. తర్వాత సందు. సందుకి అటూ ఇటూ వరసగా ఇళ్లు, ముగ్గులు, మేకలు, పొయ్యిల మీద కుండలు. పైకి చూస్తే ఆకాశం లేదు, ఆకే. ఒక పొడవాటి ఖాళీ జాగాలో ఆడవాళ్లు గోగునార పురి తిప్పుతూ తాళ్లు పేనుతున్నారు. నా తెర మీద ఒక్క చుక్క కూడా లేని చోట బతుకంతా అలా జరుగుతూ ఉంది.

నిన్న వచ్చినావిడ ఎదురొచ్చింది. తోపులో అందరూ ఆవిణ్ని అప్ప, అంటే అక్క, అని పిలుస్తారు. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. పీట వేసి కూర్చోబెట్టి కథంతా చెప్పింది. వీళ్లందరూ ఒక జూట్ మిల్లులో పనిచేసేవాళ్లు. మిల్లు మూతపడ్డాక క్వార్టర్లు ఖాళీ చేయించారు. ఎటు పోవాలో తెలీక తోపులో చేరారు. బోరింగు వాళ్ల యూనియనే వేయించింది. రేషన్ కార్డుల మీదా ఓటు కార్డుల మీదా ఇంకా మిల్లు క్వార్టర్ల చిరునామాయే. మార్పించుకుందామంటే తోపులో ఇంటి నంబర్లు లేవు. ఇంటి నంబరు అడిగితే, తోపులో ఇళ్లేమిటి అన్నారు.

సర్వేయరు గారు టేపు తీసి, ఎవరూ అడక్కుండానే సందు కొలవడం మొదలుపెట్టారు.

ఆఫీసుకి వచ్చి నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లాను. ఆయన నాకన్నా పదేళ్లు చిన్న. నియమం తప్పితే నిద్రపట్టని మనిషి. జరిగింది చెప్పాను. తోపుకి వెళ్లకుండానే వెళ్లానని సంతకం పెట్టానని కూడా చెప్పాను.

ఆయన కలానికి మూత పెట్టి పక్కన పెట్టారు. "మీ మీద చర్య తీసుకోవాల్సి ఉంటుంది, తెలుసు కదా" అన్నారు.

"తెలుసండి."

"అది తర్వాతి సంగతి. అసలు చిక్కు ఇదీ." ఒక కాగితం నా వైపు తోశారు. తోపువాళ్లు నిన్న వచ్చారని తెలిసి వర్తకులు ఆ పొద్దున్నే ఇచ్చిన అర్జీ అది. తోపులో ఉన్నవాళ్లు ముసాయిదా బయటికొచ్చాక రాత్రికి రాత్రి గుడిసెలు వేసుకున్న ఆక్రమణదారులని, దీనికి రుజువు ప్రభుత్వమే తయారుచేసిన ఉపగ్రహ పటమని, దాన్ని అధికారులు స్వయంగా వెళ్లి సరిచూసి సంతకం చేశారని రాసి ఉంది.

నా సంతకమే వాళ్ల రుజువు.

"ఇప్పుడు మీరు వెళ్లి చూసొచ్చి ఇళ్లున్నాయంటే ఎవరూ కాదనరు" అన్నారు ఆఫీసరు. "ఎప్పట్నుంచి ఉన్నాయన్నదే ప్రశ్న. ముసాయిదాకి ముందు నుంచీ ఉన్నాయని చూపించే కాగితం ఒక్కటి తీసుకురండి. విచారణ పన్నెండు రోజుల్లో."

ఆ పన్నెండు రోజుల్లో మొదటి అయిదూ నేను తెర ముందే గడిపాను. మా దగ్గరున్న ప్రతి పాత చిత్రం తీశాను. చలికాలంవి, ఎండాకాలంవి. ఎండాకాలంలో ఆకు పల్చబడుతుందేమో, పెంకు కనిపిస్తుందేమో అని ఆశ. చింత ఎప్పుడూ పూర్తిగా బోసిపోదు. ప్రతి చిత్రంలోనూ అదే ఎరుపు మచ్చ. కళ్లల్లో మంటలు పుట్టేవి. సర్వేయరు గారు సాయంత్రం పూట వచ్చి, "ఏటైనా అగుపడ్డాదా?" అనేవారు. లేదనేదాన్ని. వెక్కిరింపు మానేశారు. అది మరీ భయం పుట్టించింది.

ఆరో రోజు మళ్లీ తోపుకి వెళ్లాను, పాత కాగితం ఏదైనా దొరుకుతుందేమోనని. అప్ప ట్రంకుపెట్టె తీసి మిల్లు గుర్తింపు కార్డు, ఒక పెళ్లి శుభలేఖ, ఆసుపత్రి చీటీ చూపించింది. దేనిమీదా తోపు పేరు లేదు. మధ్యాహ్నమైంది. అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంటే, "ఇక్కడికి ఎండ రాదు కదప్పా, ఎంత హాయి" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఇప్పుడిలగున్నాది గానీ, ఆ గాలివానప్పుడు సూడాల్సింది" అంది అప్ప. "ఆ ఒక్క రోజుకి సెట్టు మీద ఆకన్నది నేదు. కొమ్మలు నిలబడ్డాయి గానీ బోసిగా, ఎముకల్లాగ. తెల్లారి నెగిసి సూస్తే ఆకాశం ఇంట్లోకొచ్చీసినట్టుంది. నెల్లాళ్లు ఎండకి మాడిపోయినాం. పిల్లా గుంటలకి ఒళ్లంతా పొక్కులు. మళ్లీ సిగురేసేదాకా నీడ మొకం సూడనేదు."

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"ఏటైనాది?" అంది అప్ప.

"ఆ నెల్లాళ్లూ పైనుంచి చూస్తే మీ ఇళ్లు కనిపించి ఉండాలి."

ఆ అక్టోబరు గాలివాన మా ఉత్తరాంధ్రలో ఎవరూ మర్చిపోలేరు. కొండలకి కొండలు గోధుమరంగులోకి మారిపోయాయి. ముసాయిదాకి రెండేళ్ల పైన ముందు జరిగిందది. అలాంటి పెద్ద విపత్తు జరిగితే నష్టం అంచనా కోసం ఉపగ్రహ చిత్రాలు తీయిస్తారని, మామూలు వాటికన్నా దగ్గరగా, స్పష్టంగా తీయిస్తారని నాకు తెలుసు. పాతికేళ్ల అనుభవం, ఆరు నెలల శిక్షణ, అయిదు రోజుల కళ్లమంట ఉండి కూడా నాకు తట్టలేదు. ఎండకి మాడినావిడకి గుర్తుంది.

ఆ రోజే చిత్రాలు భద్రపరిచే కేంద్రానికి మా ఆఫీసరు చేత ఉత్తరం రాయించాను. ఉత్తరం చాలదని ఫోను చేశాను. రోజుకి నాలుగుసార్లు చేశాను. అవతలి గుమాస్తా నా గొంతు వినగానే, "వెతుకుతున్నామమ్మా" అనేవాడు. గాలివాన వెళ్లాక కూడా మబ్బులు కొన్నాళ్లు ఉంటాయి. మబ్బుంటే చిత్రం తెల్లదుప్పటే. మొదట వచ్చినవి రెండూ అలాంటివే. విచారణకి రెండు రోజుల ముందు మూడోది వచ్చింది.

అది నలుపు తెలుపు చిత్రం. తెరిచి కాలవ వెతుక్కున్నాను. కాలవ మీద కల్వర్టు, దానికి ఉత్తరాన తోపు. ఎరుపూ లేదు, ముదురు మచ్చా లేదు. బూడిదరంగు నేల, దాని మీద గీతల్లా బోసి కొమ్మలు. ఆ కొమ్మల సందున తెల్లగా, చిన్నగా, అగ్గిపెట్టెలు వరసపెట్టినట్టు కప్పులు. మధ్యలో సందు. సందు చివర పొడవాటి ఖాళీ జాగా, తాళ్లు పేనే చోటు.

సర్వేయరు గార్ని పిలిచాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి, మళ్లీ పైకెత్తి చూశారు. జేబులోంచి తన టేపు లెక్కల పుస్తకం తీశారు. సందు పొడవు ఆయన పుస్తకంలో ఎంతుందో చిత్రంలో కొలిస్తే అంతే వచ్చింది, ఒక బార తేడాతో.

"ఆ బార నాదే తప్పయ్యుంటాది" అన్నారు ఆయన.

ముప్ఫై ఏళ్లలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి అని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కప్పులు లెక్కపెట్టాం. తొంభై ఏడు తేలాయి. నేల మీద నూట పన్నెండు. మిగతా పదిహేను తర్వాత కట్టినవా, గాలికి కూలి అప్పటికింకా లేవనివా అన్నది చిత్రం చెప్పలేదు. ఆ తేడా దాచిపెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు గానీ మనసు ఒకసారి చెప్పింది. ఒకసారి చూడకుండా రాసి అనుభవించాను కాబట్టి ఈసారి చూసింది చూసినట్టే రాశాను.

విచారణ రోజు మీటింగు హాలు నిండిపోయింది. ఒక పక్క తోపువాళ్లు, ఒక పక్క వర్తకులు. వర్తకుల తరఫున మాట్లాడినాయన పెద్ద కిరాణా వ్యాపారి. తెల్లపంచె, మెల్లని గొంతు. చెడ్డవాడు కాదు. ఆయన భయం ఆయనది.

"అయ్యా, పేదవాళ్ల మీద మాకు కక్ష లేదు" అన్నాడాయన. "కానీ మొన్న వచ్చినవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నామంటే ఎలా నమ్మడం? మీ పటమే చెప్తున్నాది కదా, అక్కడ చెట్లు తప్ప ఏమీ నేవని. కింద సంతకం కూడా ఉన్నాది."

ఆఫీసరు నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. మాట్లాడాల్సిందంతా రాసుకుని వెళ్లాను గానీ కాగితం విప్పలేదు.

"ఆ సంతకం నాది. ఆ రోజు నేను తోపులోకి వెళ్లలేదు. గట్టు మీద నిలబడి చెట్లు చూసి రాసేశాను. మా సర్వేయరు గారు వెళ్దామంటే నేనే ఆపాను. ఆ కాగితం నిజం కాదు."

గాలివాన తర్వాతి చిత్రం తెర మీద వేశాను. తారీఖు చూపించాను. ముసాయిదాకి రెండేళ్ల ముందుది అని చెప్పాను. తొంభై ఏడు అని చెప్పాను, నూట పన్నెండు కాదు అని కూడా చెప్పాను.

వ్యాపారి తెర వైపు చూసి, "ఈ మచ్చలు ఇళ్లేనని గ్యారంటీ ఏటి? మేకల పాకలై ఉండొచ్చు. వేరే ఊరిదై ఉండొచ్చు. మొదటి పటం చదివింది కూడా ఈ మేడమే కదా" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. నేను చదివితే నమ్మమని అడిగే హక్కు నేనే పోగొట్టుకున్నాను.

మా ఆఫీసరు చెయ్యెత్తారు. "తెర ఆపండి" అన్నారు. తెర చీకటైంది. ఆయన అప్ప వైపు తిరిగారు. "అమ్మా, మీరు ఈ చిత్రం ముందెప్పుడైనా చూశారా?"

"నేదు బాబూ. ఇప్పుడే సూస్తన్నాను, అది కూడా సరిగ్గా అగుపడనేదు."

"అయితే గాలివాన మర్నాడు మీ తోపు ఎలా ఉందో చెప్పండి. మీరు చెప్పాక తెర వేసి చూద్దాం."

అప్ప కొంగు సర్దుకుని లేచింది. కళ్లు మూసుకుంది. తోపులో నడుస్తున్నట్టే కుడిచెయ్యి ముందుకి చాపి మొదలుపెట్టింది.

"కల్వర్టు దాటితే ఎడంపక్క మూడిళ్లు. నాలుగోది నేదు, కూలిపోనాది, గోడ మొండెం ఒక్కటే. తరవాత బోరింగు. బోరింగు సుట్టూ సిమెంటు సప్టా, గుండ్రంగా. అక్కణ్నుంచి సందు కొంచెం వొంపు తిరుగుతాది, ఎందుకంటే మజ్జిలో పెద్ద రాయున్నాది. వొంపు దాటినాక కుడిపక్క మాది. మా ఇంటి మీద సెట్టు పడ్డాది. తోపంతట్లో పడ్డ సెట్టు అదొక్కటే. ఏర్లు సందులోకి, తల మా పెరట్లోకి. సందు మూసుకుపోనాది, మూడు వారాలు అందరూ మా ఇంట్లోంచే అటూ ఇటూ నడిచినారు."

"తెర వేయండి" అన్నారు ఆఫీసరు.

నేను కల్వర్టు దగ్గర మొదలుపెట్టి పెద్దది చేశాను. ఎడంపక్క మూడు కప్పులు. నాలుగో చోట కప్పు లేని చతురస్రం, గోడ నీడ. కొంచెం పైకి జరిపాను. గుండ్రటి తెల్లచుక్క. బోరింగు చప్టా. సందు వంపు తిరిగింది. వంపు దాటాక కుడిపక్క ఒక కప్పు, దాని మీద అడ్డంగా నల్లటి లావు గీత. ఒక చివర వేళ్లలా విచ్చుకుని సందులో ఉంది. రెండో చివర కొమ్మలు పెరట్లో.

హాల్లో తోపువాళ్ల వైపు నుంచి ఒక పెద్ద ఊపిరి వినిపించింది. అప్ప తెర దగ్గరికి నడిచి వెళ్లి, ఆ నల్లగీత పక్కన వేలు పెట్టి, "ఇదిగో. ఇదే మా వొంటగది" అంది. ఎవరితోనో కాదు, తనలో తను అనుకున్నట్టు.

వ్యాపారి కుర్చీలోంచి లేచి తెర దాకా వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. తర్వాత మా ఆఫీసరు వైపు తిరిగి, "మా అర్జీలో ఆక్రమణ అన్న మాట కొట్టెయ్యండి" అన్నాడు. "చెత్త క్వారీ గొయ్యిలోనే పోసుకోండి గానీ, గోదాముల విషయంలో మాత్రం మా పట్టు ఒగ్గం. గోదాముల పక్కకి రాకుండా అవతలి అంచు నుంచి మొదలెట్టండి. మజ్జిలో గోడ కట్టండి."

"కడదాం" అన్నారు ఆఫీసరు. అంతే. ఊరి చెత్త తగువు ఆ రెండు మాటలతో తేలిపోయింది. అంతకుముందు రెండేళ్లుగా ఎన్ని మీటింగులు పెట్టారో నాకు తెలుసు.

బయటికొచ్చాక వరండాలో తోపు ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. సర్వేయరు గారు మెట్ల మీద నిలబడి, పెదవి బిగించి ఎటో చూస్తున్నారు. దగ్గరికెళ్తే, "ఏటీ నేదండీ, కంట్లో దుమ్ము పడ్డాది" అన్నారు. నేను కూడా దుమ్మే అన్నాను.

నాకు మెమో వచ్చింది. వెళ్లని చోటికి వెళ్లినట్టు రాసినందుకు మందలింపు, సర్వీసు పుస్తకంలో నమోదు. ఆఫీసరే సంతకం చేసి ఇస్తూ, "ఇది ఇవ్వక తప్పదు మేడమ్" అన్నారు. ఇవ్వకపోతే ఆయన మీద గౌరవం తగ్గేదన్నాను. ఆయన నవ్వారు. నాతో పనిచేసిన నాలుగేళ్లలో ఆయన నవ్వడం చూసింది ఆ ఒక్కసారే. ఆ మెమో నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. నా ఉద్యోగంలో వచ్చిన మెచ్చుకోలు కాగితాలు నాలుగైదు ఉండాలి. అవి ఎక్కడున్నాయో గుర్తులేదు.

తుది పటంలో తోపుని ఇళ్ల స్థలంగా మార్చే భాగం నేనే గీశాను. ముదురు ఆకుపచ్చ మధ్యలో సన్నటి సందు, అటూ ఇటూ పసుపు. చెట్లు తీసెయ్యలేదు. వాటి కిందే ఇళ్లు ఉన్నట్టు చూపించడానికి కొత్త గుర్తు ఒకటి తయారుచేశాను. తర్వాత వేరే ఊళ్లవాళ్లు కూడా ఆ గుర్తు వాడారని విన్నాను. కొత్తవలస వైపు జీడితోటల్లో ఉన్న ఇళ్లకి అది బాగా పనికొచ్చిందట.

మీకు నేను చెప్పగలిగింది పెద్దగా ఏమీ లేదు. ఇప్పుడు మీ ఫోన్లోనే ఊరంతా కనిపిస్తుంది, నేను ఆరు నెలలు నేర్చుకున్నది యంత్రం అరనిమిషంలో చేస్తుంది. కానీ పైనుంచి తీసిన ఏ చిత్రమూ ఆకు కింద ఉన్నదాన్ని చూపించదు. కాలవ అడ్డమొస్తే చెప్పులు చేత్తో పట్టుకోండి. ఎవరైనా పొగ వస్తోందంటే ఆగండి.

పటం ఆమోదమైన ఏడాది, వానలు మొదలవకముందు, తోపు ఇళ్లకి నంబర్లు వేయడానికి మున్సిపాలిటీ పెయింటరు వస్తున్నాడని అప్ప కబురు పెట్టింది. నేనూ సర్వేయరు గారూ వెళ్లాం. పెయింటరు కల్వర్టు దగ్గరి ఇంటి నుంచి మొదలుపెట్టాడు. తలుపు పక్కన నీలంరంగు పలక గీసి, తెల్లని అంకెలు దిద్దుతున్నాడు. ఎండేదాకా ఎవరూ ముట్టుకోకూడదని పిల్లల్ని దూరంగా నిలబెట్టారు.

అప్ప ఇల్లు వంపు దాటాక ఎక్కడో ఉంది. అక్కడిదాకా రావడానికి పెయింటరుకి మధ్యాహ్నమవుతుంది. ఆవిడకి అంత ఓపిక లేదు. ఇళ్లు ఒక్కొక్కటీ వేలు చూపించి లెక్కపెట్టుకుంటూ వచ్చి, తన ఇంటి ముందు ఆగి, ఫోను తీసి పలాసలో ఉన్న చెల్లెలికి కలిపింది.

"ఒసే, నానే. కాగితం తెచ్చుకో, రాసుకో. మా అడ్రసు సెప్తన్నాను. ఆఁ, అడ్రసే. ఇరవయ్యారో నంబరు ఇల్లు, సింతతోపు వీధి. ఇరవయ్యారు. మళ్లీ సెప్పు సూద్దాం."

పక్కింటావిడ అది విని లోపలికెళ్లి తన ఫోను తెచ్చుకుంది. ఎదురింటాయన మొదలుపెట్టాడు. కాసేపటికి సందు పొడుగునా ప్రతి గుమ్మం ముందూ ఒకరు నిలబడి, చెవిలో వేలు పెట్టుకుని, ఎక్కడెక్కడో ఉన్న చుట్టాలకి గట్టిగా అంకెలు చెప్తున్నారు. నలభయ్యొకటి, నలభైరెండు, అరవైనాలుగు. పెయింటరు అప్పటికింకా మూడో ఇంటి దగ్గరే ఉన్నాడు.